బలపరిచేవారెవరు

మాట్లాడాల్సిన చోట నోరు మూసుకుని కూర్చోవడం పాపమా, కాదా? పదకొండేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. చర్చిలో పాపాలు ఒప్పుకునే వేళ, పాపసంకీర్తనంలో, ముగ్గురు ఫాదర్లను అడిగాను. మొదటాయన "అబద్ధమేమైనా చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. అయితే పాపం లేదు పొమ్మన్నాడు. రెండో ఆయన మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నాడు. మూడో ఆయన కొలంబియా నుంచి కొత్తగా వచ్చిన చిన్నవాడు. "దానివల్ల ఎవరికి నష్టం జరిగింది?" అని అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది. కానీ చెప్పలేదు. అంటే అక్కడ కూడా నోరు మూసుకునే వచ్చానన్నమాట.

జరిగింది ఇది. వలస వచ్చి మేం స్థిరపడ్డ హయలియా ఊళ్లో మా బిల్డింగు మూడంతస్తులు, అరవై ఫ్లాట్లు. ఉన్నవాళ్లం దాదాపు అందరం క్యూబా వాళ్లమే, అందరం ముసలివాళ్లమే. పదకొండేళ్ల కిందట పైకప్పు కొత్తగా వేయించారు. రెండో వానకే మూడో అంతస్తులో గోడలు చెమ్మగిల్లాయి. అక్కడుండే సెనైదా రోకె క్యూబాలో మతాన్సాస్ ఊళ్లో ఒక నోటరీ ఆఫీసులో ఇరవై ఏళ్లు టైపు కొట్టిన మనిషి. కాగితంలో ఒక గీత తగ్గినా ఆమెకు నిద్ర పట్టదు. ఆ పైకప్పు ఎవరు వేశారు, ఏం ఒప్పుకుని వేశారు, ఆ కాగితాలు చూపించమని బిల్డింగు యజమానుల సంఘాన్ని మూడుసార్లు అడిగింది. చూపించలేదు. ఇక మీటింగులోనే అడుగుతానంది.

మా మీటింగుల్లో ఒక పద్ధతి ఉంది. ఒకరు ప్రతిపాదిస్తే సరిపోదు. ఇంకొకరు లేచి 'బలపరుస్తున్నాను' అనాలి. అప్పుడే దాని మీద చర్చ. ఎవరూ అనకపోతే ఆ మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది.

మీటింగుకు ముందురోజు సెనైదా మా ఇంటికి వచ్చింది. "ఒక్క ముక్క అంటే చాలు ఎవేలియో. మిగతాది నేను చూసుకుంటాను," అంది. మా అలమరలో ఉన్న, క్యూబా వాళ్లందరం కొలిచే కారిదాద్ తల్లి విగ్రహం ముందు నిలబడి అంటానని మాటిచ్చాను.

మర్నాడు ఆమె లేచి నిలబడింది. "ఆ కాగితాలు ఇక్కడ, అందరి ముందు, బల్ల మీద పెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను," అంది. సంఘం ప్రెసిడెంటు రిగోబెర్తో లాస్త్రా గదంతా ఒకసారి కలయజూశాడు. "బలపరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. చూస్తూ చూస్తూ ఆయన కళ్లు నా దగ్గర ఆగాయి. ఆ వారమే మా ఆవిడ ఒబ్దూలియాకు పిత్తాశయం ఆపరేషనైంది. ఆసుపత్రికి తన కారులో తీసుకెళ్లి, నాతో పాటు ఆరు గంటలు కుర్చీలో కూర్చున్నది ఆయనే. నేను తల దించుకుని చేతిలో జపమాల పూసలు లెక్కపెట్టుకున్నాను.

"ఎవరూ లేరు. ప్రతిపాదన పడిపోయింది," అన్నాడు రిగోబెర్తో.

సెనైదా గౌను సర్దుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. మెట్ల మీద కనపడితే పలకరిస్తుంది. క్రిస్మస్ ముందురోజు ఒక గిన్నెడు చిక్కుడు గింజల అన్నం పంపిస్తుంది. కానీ మళ్లీ ఎప్పుడూ నన్నేమీ అడగలేదు. ఆ ఏడు తడిసిన ఆమె పడకగది గోడ ఇప్పటికీ నల్లగానే ఉందని మా ఆవిడ చెబుతుంది.

ఇక రిగోబెర్తో సంగతి. పద్దెనిమిదేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. చెడ్డవాడని ఎప్పుడూ అనుకోలేదు. సెప్టెంబరులో కారిదాద్ తల్లి పండక్కి పల్లకీ మోసేటప్పుడు ముందు కర్ర ఎడమవైపు ఆయన భుజం మీద, కుడివైపు నా భుజం మీద ఉంటుంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం పూజ అయ్యాక, జామ పేస్ట్రీల పెట్టె పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. మేం కాఫీ పెడతాం. పెట్టె కింద ఒక కట్ట కాగితాలు ఉంటాయి. ప్రాక్సీలు. వార్షిక సమావేశానికి చాలినంతమంది రారు, కోరం పడదు, సగం మంది మోకాళ్లు పట్టేసినవాళ్లు. అందుకని మన బదులు ఆయన ఓటు వేసేందుకు మనం సంతకం పెట్టి ఇవ్వాలి. తేదీ ఖాళీ. ఏ సమావేశమో ఖాళీ. ఏ విషయమో అదీ ఖాళీ.

"నేను నింపుకుంటాలే అన్నా. నీ కళ్లకెందుకు శ్రమ," అంటాడు.

క్యూబాలో ముందుకు తోసిన ప్రతి కాగితం మీదా భయంతో సంతకం పెట్టాం. ఇక్కడ ప్రేమతో పెట్టాం. భయం పోయింది కదా, ఇదే స్వేచ్ఛ అనుకున్నాను. చదవకుండా పెట్టడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటేనని నాకు తట్టలేదు.

ఈ ఏడు ఏప్రిల్ చివర్లో ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ముప్పై ఏళ్లు బస్సు ఇంజన్లు బాగుచేసినవాణ్ని, మెకానిక్కుకు సరిపడా ఇంగ్లీషు వచ్చు. రెండుసార్లు చదివాను. మా కాండోమినియంను, అంటే ఫ్లాట్ల ఉమ్మడి యాజమాన్యాన్ని, రద్దు చేసి, బిల్డింగు మొత్తం ఒక కంపెనీకి అమ్మేస్తారట. పడగొట్టి పన్నెండు అంతస్తులు కడతారట. వాళ్లు పెట్టుకున్న మనిషి కట్టిన ధర చేతిలో పెట్టి మమ్మల్ని పంపేస్తారట. ఆ ధరకు ఈ ఊళ్లో కారు పెట్టుకునే చోటు కూడా రాదు. శనివారం సమావేశం. అరవై మంది యజమానుల్లో యాభై ఎనిమిది మంది సమ్మతి సంఘం దగ్గర ఇప్పటికే ఉందని చివర్లో రాశారు. ఫ్లాట్ల నంబర్లు ఇచ్చారు. అందులో 214 ఉంది. అది మాది.

ఒబ్దూలియా వంటింట్లో అరటికాయలు వేయిస్తోంది.

"మనం ఇల్లు అమ్మడానికి ఒప్పుకున్నామట," అన్నాను.

"ఎప్పుడు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను."

పొయ్యి ఆపి ఉత్తరం అందుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అయినా మా నంబరు వెతికి పట్టుకుని దాని మీద వేలు పెట్టింది. "జనవరిలో తిన్న పేస్ట్రీ," అంది. "అరగలేదు చూడు ముసలాయనా. ఇప్పుడు బయటికొస్తోంది."

నాకు కోపం వచ్చింది. నేను కోపిష్టిని కాను. కోపం వస్తే ఒక పరలోక జపం చెప్పుకుంటాను, తగ్గుతుంది. ఆ రోజు "మా అప్పులవాళ్లను మేం క్షమించినట్లు" అన్న చోటికి వచ్చి ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే ఆగాను. జపం వదిలేసి మెట్లు దిగాను.

రిగోబెర్తో కింద కారు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి పైపు ఆపాడు.

"ఉత్తరం అందిందా అన్నా?"

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"సంతకం నీదేగా."

"కోరం కోసం అన్నావు."

"కోరం కోసమే. దీనికి కూడా." గుడ్డ పిండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "చూడు, ఈ బిల్డింగు ఇంకెన్నాళ్లు నిలబడుతుంది? నలభై ఏళ్లు దాటింది, ఇనస్పెక్షను వాళ్లు పీక మీద కూర్చున్నారు. స్తంభాలు బాగుచేయాలంటే ఒక్కొక్కళ్ల మీద ఎంత పడుతుందో తెలుసా? నువ్వు కట్టగలవా? అందుకే మీ అందరి బదులు నేను ఆలోచించాను."

"మమ్మల్ని అడగాలని తోచలేదా?"

"అడిగితే ఏమంటారు? ఒకరు ఔనంటారు, ఒకరు కాదంటారు, మన మంగలి బౌదీలియో అందరినీ తిడతాడు. పద్దెనిమిదేళ్లుగా ఎవరినీ అడక్కుండానే కదా నడిపాను. ఒక్కరైనా బాధపడ్డారా?"

ఆ మాటే నన్ను కాల్చింది. ఎందుకంటే నిజం. మేం బాధపడలేదు. మమ్మల్ని అడగకపోవడమే మాకు సుఖంగా ఉండేది.

"మేం ఎక్కడికి పోవాలి రిగోబెర్తో?"

"నీకు టాంపాలో కూతురుంది."

"దానికి రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు."

"దేవుడు దారి చూపిస్తాడు," అన్నాడు, కారు టైరు మీద నీళ్లు కొడుతూ. అరవై కుటుంబాలను బయటికి తోసేవాడు దేవుడి మాట ఎత్తాడు. పల్లకీ కింద ఆయన పక్కన మోసిన ఇన్నేళ్లూ నా భుజం మీద ఉన్నది ఎంత బరువో ఆ క్షణాన తెలిసింది. ఆ చేతిలో పైపు లాక్కుని విసిరేయాలనిపించింది. విసరలేదు. నేరుగా మూడో అంతస్తుకు ఎక్కాను.

సెనైదా తలుపు తీసి, "రా," అంది, నేనొస్తానని తెలిసినట్టు. బల్ల మీద ఉత్తరం, దాని పక్కన చట్టం పుస్తకంలోంచి తీసిన పేజీలు, ఎర్ర పెన్నుతో గీతలు ఉన్నాయి. గది అవతల నల్లబడ్డ గోడ కనపడింది. చూడకుండా ఉండాలనుకుని చూశాను.

"కూర్చో. చెబుతాను, మధ్యలో తిట్టొద్దు. తిట్టడానికి నా వంతు ముందుంది," అంది. "ఈ ప్రాక్సీ ఏ సమావేశానికి ఇస్తే దానికే చెల్లుతుంది. తొంభై రోజులు దాటితే చెల్లదు. ఇవి జనవరి మొదట్లోవి, వార్షిక సమావేశానికని తీసుకున్నవి. తేదీ ఖాళీ కాబట్టి ఆయన కావలసినట్టు నింపుకున్నాడు. దాన్ని నిరూపించాలంటే కోర్టుకు పోవాలి, ఏళ్లు పడుతుంది. అంతవరకు బిల్డింగు ఉండదు."

"మరి?"

"ఇంకొకటుంది. ప్రాక్సీ ఇచ్చినవాడు ఓటు పడేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. రెండోది, ఇలా రద్దు చేయాలంటే నూటికి ఎనభై మంది ఔననడమే కాదు, నూటికి అయిదుగురు కాదనకూడదు. అరవైలో ముగ్గురు కాదంటే చాలు. నేనొకతెను. బౌదీలియో ఒకడు. ఆ మంగలాయన తన పెళ్లికి కూడా సంతకం పెట్టి ఉండడు."

"ఇంకొకరు కావాలి."

"ఇంకొకరు కావాలి," అంది. అంతే. పెన్ను మూత పెట్టింది. "నేను నిన్నేమీ అడగడం లేదు ఎవేలియో."

పదకొండేళ్లకు వడ్డీతో సహా ఆ ఒక్క ముక్కలో వసూలు చేసినట్టు అనిపించింది నాకు. "నువ్వు టైపు కొట్టు. నేను సంతకం పెడతాను," అన్నాను.

"కొట్టాక చదువు," అంది. "చదవకుండా పెడితే చింపేస్తాను."

రెండే వాక్యాలు కొట్టింది. 214 నంబరు యజమానులం, మా ప్రాక్సీని వెనక్కి తీసుకుంటున్నాం. అమ్మకానికి మేం వ్యతిరేకం. ఇల్లు మా ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఒబ్దూలియా కూడా పెట్టాలి. ఆమె ఒక్కొక్క మాటకు అర్థం చెప్పించుకుంది. "ఈ 'వెనక్కి' అంటే మొత్తం వెనక్కేనా? పేస్ట్రీ తిరిగివ్వమని అడగడు కదా?" అంది. సంతకం పెట్టి, కింద సొగసుగా ఒక గీత గీసింది.

మిగతావాళ్లతో కూడా మాట్లాడదామని రెండు రోజులు తిరిగాను. తలుపులు తీశారు, కాఫీ ఇచ్చారు, కళ్లు దించుకున్నారు. "ఇచ్చిన సంతకం ఎలా వెనక్కి తీసుకుంటాం, ఆయన్ని దొంగ అన్నట్టుంటుంది," అన్నారు. "మా ఆయన డయాలిసిస్‌కు ఆయనే తీసుకెళ్తాడు," అంది 108లో ఉండే నియెవెస్. పదకొండేళ్ల కిందట నేను చెప్పుకున్న మాటే అది.

శనివారం పొద్దున పదింటికి డొమినోలు ఆడుకునే హాల్లో కుర్చీలు వేశారు. నలభైమంది దాకా వచ్చాం. ముందు బల్ల దగ్గర రిగోబెర్తో, పక్కన సంఘం లాయరు, రాసుకోవడానికి సెక్రటరీ గ్రాసియెలా. బల్ల మీద ఒక తోలు సంచి. యాభై ఎనిమిది ప్రాక్సీలు అందులో ఉన్నాయి.

రిగోబెర్తో పైకప్పు, స్తంభాలు, ఇన్సూరెన్సు అంటూ పావుగంట మాట్లాడాడు. "అమ్మకానికి సమ్మతులు చాలినన్ని ఉన్నాయి. ఇక ఓటు లాంఛనమే," అన్నాడు.

నేను లేచాను. ముందుకు నడిచి కాగితం లాయరు ముందు పెట్టాను. "మా ప్రాక్సీ వెనక్కి తీసుకుంటున్నాం. మా ఓటు కాదు," అన్నాను.

"ఆలస్యమైంది అన్నా," అన్నాడు రిగోబెర్తో మెత్తగా. "ఇరవై నాలుగు గంటల ముందు ఇవ్వాలి."

"ఏ పేజీలో ఉంది?" అంది వెనకనుంచి సెనైదా.

లాయరు కాగితం చదివాడు. బట్టతల, అలసిన ముఖం. "అలాంటి గడువు లేదు. ఓటు పడేవరకు వెనక్కి తీసుకోవచ్చు," అన్నాడు.

రిగోబెర్తో ముఖం ఎర్రబడింది. నావైపు తిరిగి, మైకు లేకుండా, అందరికీ వినపడేలా అన్నాడు. "ఆసుపత్రిలో నీ పెళ్లాం కోసం ఆరు గంటలు కూర్చున్నాను. అప్పుడు కాగితాలు అడిగావా ఎవేలియో?"

అందరూ నావైపు తిరిగారు. ఒబ్దూలియా కూర్చున్న చోటునుంచే అంది. "ఆ ఆరు గంటలకు ఫీజు మా ఇల్లని చెప్పి ఉంటే టాక్సీలో పోయేదాన్ని రిగోబెర్తో. టాక్సీవాడు మీటరు చూపిస్తాడు."

ఎవరో నవ్వారు. బౌదీలియో లేచాడు. "నా ఓటు కూడా కాదు. పద్దెనిమిదేళ్లుగా కాదే. ఒక్కసారైనా లెక్కపెట్టండిరా," అన్నాడు. సెనైదా తన నంబరు చెప్పి, "కాదు," అంది.

లాయరు మూడు గీతలు గీశాడు. "మూడు. ప్రణాళిక వీగిపోయింది," అన్నాడు. ఫైలు మూసి కళ్లజోడు తీసేశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నియెవెస్ ఏడ్చింది, ఎందుకో చెప్పలేను. మేం గెలిచామని నాకూ అనిపించలేదు. స్తంభాలు బాగుచేయాలన్నది అబద్ధం కాదు. ఆ భారం రేపు మా మీదే పడుతుంది, అది చూసుకోవాలి. కానీ రిగోబెర్తో ఏం చేస్తున్నాడో అప్పుడు చూశాను. సంచి తెరిచి ఆ కాగితాల కట్టను నెమ్మదిగా లోపలికి నెట్టుకుంటున్నాడు. యాభై ఏడు ఇళ్ల సంతకాలు. తేదీలు మార్చి ఇంకోసారి వాడుకోవచ్చు. ఇంకో కంపెనీకి చూపించవచ్చు. నా ఒంట్లో చల్లారిందనుకున్నది మళ్లీ రగిలింది.

సెనైదా లేచింది. గౌను సర్దుకుంది. గొంతు పెంచలేదు.

"ఆ కాగితాలు ఇక్కడ, అందరి ముందు, బల్ల మీద పెట్టాలని నేను ప్రతిపాదిస్తున్నాను," అంది. "ఎవరివి వాళ్లకు తిరిగి ఇవ్వాలని."

పదకొండేళ్ల కిందటి మాటలే. ఆమెకు గుర్తుండే అందో, అలవాటుగా వచ్చాయో తెలియదు. నావైపు చూడలేదు. అడగలేదు.

రిగోబెర్తో సంచి బకిల్ పెడుతూ హాలంతా కలయజూశాడు. "బలపరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఆయన కళ్లు నా దగ్గర ఆగాయి. జేబులో జపమాల ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. చెయ్యి బయటికి తీశాను.

"నేను బలపరుస్తున్నాను."

గ్రాసియెలా పెన్ను ఎత్తింది. ముప్పై ఏళ్లుగా ఆమెకు నేను తెలుసు, అయినా పద్ధతి పద్ధతే. "పేరు?"

"ఎవేలియో కార్మెనాతె. 214."

రాసుకుంది. చేతులెత్తమన్నారు. ముందు బౌదీలియో, తర్వాత మా ఆవిడ, తర్వాత నియెవెస్. ఆ తర్వాత లెక్క అక్కర్లేకపోయింది. రిగోబెర్తో సంచిని బల్ల మీద వదిలి, తలుపు దగ్గరికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన మీద నాకు జాలి రావాలేమోనని కాసేపు వెతుక్కున్నాను. ఆ పూటకు రాలేదు. ఆదివారం ఫాదర్‌ను అడగాలి.

కాగితాలు పంచే పని సెనైదాకే ఇచ్చారు. నంబరు పిలిచి, సంతకం చూపించి, చేతిలో పెడుతోంది. నా వంతు వచ్చింది. నా సంతకం పైన ఎవరో నీలం సిరాతో తేదీ నింపి ఉంది. నా సిరా నలుపు.

సెనైదా ఆ కాగితం నా చేతికిచ్చి, పదకొండేళ్లలో మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"బాకీ ముట్టింది ఎవేలియో," అంది. తర్వాతి నంబరు పిలిచింది.